తెర వెనుక తిరుకుటుంబము

జర్మనీ దేశమందలి కాసెల్ నగరపు చిత్రశాలలో, మూరెడెత్తును మూరన్నర వెడల్పును గల యొక చిన్న చెక్కపలకపై, హాలెండు చిత్రకారుడు రెంబ్రాంట్ 1646లో తైలవర్ణములతో చిత్రించిన తిరుకుటుంబము కలదు. అందు దేవదూతలు లేరు, మేఘములు లేవు. మరియమ్మ బిడ్డ యేసును గుండెకు హత్తుకొని కూర్చున్నది. నేలపై నెగడు మండుచున్నది. దాని చెంత గిన్నె, గిన్నె చెంత పిల్లి. చీకటి మూలను ఆమె భర్త జోజప్ప కట్టెలు కొట్టుచున్నాడు. యశోద యింటి కథలు విని పెరిగిన తెలుగువానికి ఈ యిల్లు పరాయిది గాదు.

ఆ యింటికి ముందు, కడ్డీకి వ్రేలాడుచు, ఒక ఎర్రని తెర కొంత తొలగి యున్నది. దానిని పూర్తిగా తొలగింపబోయినవాని చేతికి చెక్క తగులును. తెరయు, కడ్డీయు, బంగారు చట్రమును చిత్రములోనివే. దుమ్ము సోకకుండ పటములకు తెర కట్టుట ఆనాటి హాలెండు గృహస్థుల యాచారము. పూర్వము గ్రీకుదేశమున చిత్రకారుడు పర్హేసియస్ వ్రాసిన తెరను నిజమని భ్రమించి తొలగింపుమన్న తోడి చిత్రకారుడు జ్యూక్సిస్ పందెమోడిన కథ ఈ చమత్కారమునకు మూలము.

ఆ తెరను తలచినప్పుడెల్ల నాకు బందరు జ్ఞప్తికి వచ్చును. అది బందరు బట్టయని నేననను. అట్లనుటకు ఆధారము లేదు. కాని 1605 నాటికే డచ్చివారు గోలకొండ సుల్తానుల యేలుబడిలోని ఈ బందరున, అనగా మచిలీపట్నమున, దిగిరి. 1611లో ఇంగ్లీషువారు వచ్చిరి. ఈ తీరపు అద్దకపు బట్టలు మొదట తూర్పు దీవులలో సుగంధద్రవ్యములకు మారకమై, పిమ్మట ఐరోపా యిండ్లకు తెరలును దుప్పట్లును ఆయెను. ఆ వర్తకము నడపిన డచ్చి తూర్పిండియా కంపెనీ ఆరు శాఖలలో పెద్దది రెంబ్రాంట్ కాపురమున్న ఆమ్‌స్టర్‌డామ్‌లోనిదే. 1656లో అతడు దివాలా తీయగా వ్రాసిన సామగ్రి పట్టికలో తూర్పిండియా వస్తువులు కలవు. మొగలు చిత్రములను జూచి అతడు గీసిన ప్రతులు ఇరువదికి పైగా నేటికిని నిలిచియున్నవి.

బందరు, పెడనల అద్దకపు విద్యయు ఒక విధముగా తెర తీయు విద్యయే. కరక్కాయ పొడియు గేదెపాలును కలిపిన నీట గుడ్డను ముంచి యారబెట్టి, ఇనుప తుక్కును బెల్లముతో పులియబెట్టిన నీటితో నల్లగీతలు దిద్ది, ఎరుపు కావలసిన తావుల పటిక నీరద్దుదురు. అప్పటికి ఎరుపు జాడయే లేదు. చిరివేరు వేసి కాచిన నీట ఉడికింపగా, పటిక పట్టిన చోట మాత్రమే ఎరుపు పైకి వచ్చును.

1864 నవంబరు 1 నాటి ఉప్పెన బందరు ప్రాంతమున సుమారు ముప్పదివేల ప్రాణములను బలిగొన్నది. 1977 నవంబరు 19 నాటిది దివిసీమను ఊడ్చివేసినది. ఇట్టి తీరమున గుడ్డ నిలుచుట దుర్లభము, రాయి నిలుచును. అందుచేతనే బందరు సమాధులపై డచ్చివారి పేర్లు మిగిలినవి. వారు ఓడలకెత్తిన బట్టలను అద్దినవారి పేర్లను రాతిమీద చెక్కినవారు లేరు. కావున పాఠకులారా, గుడివాడ నుండియో అవనిగడ్డ నుండియో పెడనకు పోయి యొక తెర కొన్ననాడు, ధర నడిగిన నోటితోనే అద్దినవాని పేరు నడిగి, ఇంటి లెక్కల పుస్తకములో వ్రాసికొనుడు.