కాలువ క్రింది ఊరు: జంపని

తెనాలి నుండి రేపల్లెకు పోవు రైలు చినరావూరు స్టేషనును దాటిన పిదప ఆగు తావు మా జంపని. కోట గల ఊరు కాదు మాది. ఏ రాజవంశమునకును రాజధాని కాదు. కృష్ణా పశ్చిమ డెల్టాలోని నల్లనేలపై వరియు, మినుమును, చెరకును పండించుకొని, ఆ పంటలతోడనే కలిమిలేములను అనుభవించిన వ్యవసాయ గ్రామము. ఇట్టి గ్రామముల చరిత్రను వ్రాయువారు అరుదు. మా యూరి గతమును తెలిసికొనగోరువారు ముందుగా కాలువగట్టును, రైలుకట్టను, మూతవడిన చక్కెర కర్మాగారమును చూడవలయునని నా తలంపు.

పూర్వము వెలనాడని పేరొందిన సీమ యిది. పండ్రెండవ శతాబ్దమున చందవోలు రాజధానిగా వెలనాటి చోడులు దీని నేలిరి. పిమ్మట ఎన్నో ప్రభుత్వములు మారి, తుదకు 1788లో గుంటూరు సర్కారు నిజామునుండి ఈస్టిండియా కంపెనీకి సంక్రమించినది. దొరలు మారిన కొలది శిస్తు వసూలు చేయు చేతులు మారినవే కాని, వానచినుకు కొరకు ఆకాశము వంక చూచు రైతు బ్రదుకు మారలేదు.

ఆ బ్రదుకు ఎంత దుర్భరమైనదో నందన సంవత్సరపు కరువు చాటినది. 1832–33లో వచ్చిన ఆ క్షామమును మన పెద్దలు డొక్కల కరువనిరి. ఆంగ్లేయులు గుంటూరు కరువనిరి. ఆనాటి గుంటూరు జిల్లాలోని అయిదు లక్షల జనులలో ఇంచుమించు రెండు లక్షలమంది నశించిరని అధికారులే అంచనా వేసిరి. మహానది యైన కృష్ణ కన్నులయెదుటనే పారి సముద్రమున కలియుచుండగా, ఆ నీటిని పొలమునకు ఎక్కించు ఉపాయము లేక, దానికి కొలది యామడల దూరమున మనుష్యులు అన్నమో రామచంద్రా యని ప్రాణములు విడిచిరన్న సంగతి తలచుకొన్నప్పుడెల్ల గుండె కలుక్కుమనును. ఇరువది యేండ్లు గడచిన తరువాత గాని దానికి విరుగుడు సమకూడలేదు. గోదావరిపై ధవళేశ్వరమున ఆనకట్ట కట్టించిన కాటన్ దొర ప్రోత్సాహమునకు ఫలముగా, కాప్టెన్ ఆర్ అను ఇంజనీరు పర్యవేక్షణమున 1852లో బెజవాడ ఆనకట్ట పని ఆరంభమై 1855లో ముగిసినది. సీతానగరము వద్ద కృష్ణ నుండి బయలుదేరిన పశ్చిమ కాలువ దుగ్గిరాల చేరి శాఖలుగా చీలినది. అందు మూడు శాఖలు తెనాలి పట్టణము గుండా సాగి దిగువ గ్రామములను తడిపినవి.

నా దృష్టిలో జంపని పుట్టుక ఎన్నటిదైనను, నేటి జంపనికి రూపము వచ్చినది ఆ నీటితోడనే. మా యూరి పంచాంగమును సయితము కాలువయే నిర్ణయించును. తొలకరి వచ్చినదనగా రచ్చబండ కడ మొదటి ప్రశ్న, కాలువలు వదలిరా యని. నీరు తూము దిగి పంటబోదెలకు ఎక్కిన పిమ్మటనే నారుమళ్లు, ఊడ్పులు. శివారు పొలమునకు నీరందని యేట వంతులు, వాదములు, తూము కాచు లస్కరుతో బ్రతిమాలుటలు. వరి కోతకు రాకమునుపే చేలోని పదునుపై మినుములు చల్లి, కోసిన వరిదుబ్బుల నడుమ ఆ పైరు లేచునట్లు చేయుట ఈ మాగాణి రైతు నేర్పు. దుక్కి లేదు, వేరు తడి లేదు, మంచు చెమ్మతోడనే పంట చేతికి వచ్చును. ఈ విద్యను ఏ కళాశాలయు నేర్పలేదు. అట్లని విద్యావంతుల ఋణము తక్కువది కాదు: బాపట్ల వ్యవసాయ పరిశోధన స్థానమున రూపొంది 1986లో విడుదలైన బి.పి.టి. 5204, అనగా సాంబమసూరి, ఈ డెల్టా రైతునకు పేరును, పట్నవాసికి సన్నన్నమును తెచ్చిపెట్టినది.

1952లో వరదకు పాత ఆనకట్ట తెగినప్పుడు, నూరేండ్ల నిశ్చింత ఎంత బలహీనమైన కట్టడముపై నిలిచియున్నదో డెల్టా వాసులకు తెలిసివచ్చినది. దాని స్థానమున కట్టిన వంతెనతోడి బ్యారేజి 1957లో పూర్తియై, ఆ యేడే దివంగతుడైన టంగుటూరి ప్రకాశము పంతులుగారి పేరు దాల్చినది.

ఈ కాలువల కీర్తిని చెప్పునప్పుడు ఒక అపచారమును గూడ చెప్పక తప్పదు. మా రైలుదారినే వేమూరు, పెనుమర్రు దాటి పోయినచో భట్టిప్రోలు వచ్చును. అచటి బౌద్ధస్తూపము క్రీస్తునకు పూర్వపుది. 1892లో అలెగ్జాండర్ రీ దానిని త్రవ్వించగా ధాతువులుంచిన రాతి భరిణెలును, స్ఫటికపు పాత్రలును, బంగారు పూవులును బయల్పడినవి. భరిణెలపై చెక్కిన బ్రాహ్మీ శాసనములను బ్యూలర్ పండితుడు చదివి ప్రకటించెను. కుబిరకుడను రాజు పేరు వానియందే మనకు దొరకినది. తెలుగు లిపి పుట్టుకను విచారించు పండితులు నేటికిని ఆ యక్షరముల యొద్దకే పోవుదురు. అయితే రీ వచ్చుటకు ముందే ఆ స్తూపపు ఇటుకలు రోడ్డు వేయుటకును, చెక్కడపు చలువరాళ్లు కాలువ తూమునకును తరలిపోయియుండెను. మనకు అన్నము పెట్టిన పనియే మన పూర్వుల సంపదను కొంత మ్రింగినది. ఆ రాళ్లు పోయిన చోట నిలిచి చదువరి యెవడైనను దుఃఖింపకుండలేడు.

కాలువ వచ్చిన ఆరు దశాబ్దములకు రైలు వచ్చినది. బెజవాడ, మద్రాసుల నడిమి ప్రధానమార్గము తెనాలి మీదుగా 1899 నాటికే నడచుచుండెను. 1916లో మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వేవారు గుంటూరు, రేపల్లె మార్గమును నిర్మించుటతో జంపనికి స్టేషను గలిగినది. వేమూరు, పెనుమర్రు, భట్టిప్రోలు, పల్లెకోన, రేపల్లె అను క్రమమున సాగు ఈ చిన్నదారి వలన తెనాలి మాకు పొరుగు వీధియైనది. సంతయు, చదువును, వైద్యమును, నాటకమును అక్కడనే. దేశవార్తలును ఆ దారినే వచ్చెడివి. 1942 ఆగస్టు 12న, క్విట్ ఇండియా ఉద్యమవేళ, తెనాలి స్టేషను కడ జరిగిన కాల్పులలో ఏడుగురు నేలకొరగిన వార్త ఈ పల్లెలకు ఎంత వేగముగా ప్రాకియుండునో ఊహింపవచ్చును. వారి స్మృతిచిహ్నముగా రణరంగచౌకు నేడును తెనాలి నడిబొడ్డున నిలిచియున్నది.

జంపని పేరును దూరపు ఊళ్లకు మోసికొనిపోయినది మాత్రము చక్కెర కర్మాగారము. సహకార పద్ధతిని వెలసిన ఆ మిల్లునకు చెరకు పండించు రైతులే వాటాదారులు. సరుకు తోలువాడే సంస్థకు యజమాని యగుట చిన్న విషయము కాదు. దళారి ఇంటిముందు చేతులు కట్టుకొని నిలుచుటకు అలవాటుపడిన రైతు, సర్వసభ్య సమావేశమున లేచి లెక్క అడుగగల హక్కు పొందినాడు. గానుగ ఆడు కాలమున చెరకు బండ్ల వరుసలు, వాని వెంబడి నరుకుడు కూలీలు, హోటళ్లు, మరమ్మతు కొట్లు. కాలక్రమమున మిల్లు నిలిచిపోయినది. చెరకు తగ్గి, వరికోసిన చేలలోనికి మొక్కజొన్న వచ్చినది. మిల్లు లేకున్నను, షుగర్ ఫ్యాక్టరీ జంపని యని చెప్పిన గాని గుర్తుపట్టని వారు నేటికిని గలరు.

పాలనా విభాగముల మార్పును ఒక్క మాటలో చెప్పవచ్చును. 1904లో గుంటూరు జిల్లా మరల ఏర్పడినది. 1985లో తాలూకాలు పోయి మండలములు రాగా మేము వేమూరు మండలమున చేరితిమి. 2022 ఏప్రిల్ 4 నుండి మాది బాపట్ల జిల్లా. కాగితముల మీద బాపట్ల వారమైనను, అవసరము పడిన నాడు మా కాళ్లు తెనాలి వైపే నడచును.

మా గ్రామస్థులకు నా విన్నపమొక్కటి. మీ పెట్టెలలో పాత శిస్తు రసీదులు, దస్తావేజులు, ఫ్యాక్టరీ వాటా పత్రములు, చెరకు తోలిన చీటీలు ఉన్నచో చిత్తుకాగితముల వానికి వేయక, పాఠశాలకు తెచ్చి నకళ్లు తీయించుడు. గానుగ దగ్గర పనిచేసినవారును, నరుకుడుకు పోయిన కూలీలును, తూము కాచిన లస్కరులును మన నడుమ నుండగానే, వారి మాటలను వారి నోటనే విని వ్రాసికొనుడు.