కావిడి బద్ద నుంచి సైకిల్ దాకా: బరువు మోసినవాళ్ల చరిత్ర



మొన్న మన గ్రూపులో ఒక తమ్ముడు సైకిల్ ఫోటో పెట్టాడు. హ్యాండిల్‌కి ఒక చుట్ట బ్యాగు, ఫ్రేము మధ్యలో మూడు మూలల బ్యాగు, సీటు కింద ఇంకోటి, వెనక చక్రానికి అటూ ఇటూ రెండు సంచులు. అన్నీ ఒకే రంగు. ధర చూస్తే కళ్లు తిరిగాయి. కింద ఎవరో "ఇవన్నీ డబ్బున్నోళ్ల సరదాలు అన్నా, మనకెందుకు" అని రాశారు. దానికి ముప్పై మంది నవ్వు బొమ్మలు పెట్టారు. మేమూ నవ్వాం. తర్వాత ఆలోచిస్తే ఆ మాట తప్పనిపించింది. సైకిల్‌ని బరువుకి తగ్గట్టు మార్చుకునే విద్యలో పెద్ద వాటా పేదోళ్లదీ, కొండోళ్లదీ, నల్లోళ్లదీ. అది చెప్పడానికే ఈ పోస్టు. కొంచెం పెద్దది, ఓపికగా చదవండి.

ముందు 1897కి వెళ్దాం. అమెరికాలో మొంటానా రాష్ట్రం, ఫోర్ట్ మిజూలా. అక్కడి 25వ పదాతి దళంలో సైనికులు నల్లజాతివాళ్లు, అధికారులు తెల్లవాళ్లు. గుర్రం బదులు సైకిల్ పనికొస్తుందా అని చూడ్డానికి జేమ్స్ మాస్ అనే లెఫ్టినెంట్ 20 మంది సైనికులని తీసుకుని జూన్ 14న బయల్దేరాడు. సెయింట్ లూయిస్ చేరేసరికి జూలై 24. దాదాపు 1,900 మైళ్లు, అంటే 3,000 కిలోమీటర్లు. బురద, ఇసుక, కొండలు అన్నీ దాటారు. వాళ్ల సైకిళ్లు మామూలువి కావు. స్పాల్డింగ్ కంపెనీ రిమ్ములు స్టీలుతో వేసింది, ముందు ఫోర్కుని గట్టిపరిచింది. దుప్పటి, గుడారం గుడ్డ చుట్ట చుట్టి హ్యాండిల్‌కి కట్టారు. ఫ్రేము మధ్య ఖాళీలో తిండి సామాను పెట్టె. ఇవాళ షోరూంలో కనిపించే ఏర్పాటు, అచ్చం అదే. మరుసటి ఏడాది స్పెయిన్‌తో యుద్ధం రావడంతో ప్రయోగం ఆగిపోయింది. ఇంకో సంగతి కూడా మనం గుర్తుంచుకోవాలి. వాళ్లు తొక్కుకుంటూ వెళ్లిన నేలలో చాలా భాగం అప్పటికే అక్కడి మూలవాసుల దగ్గర లాక్కున్నది.

అక్కడ సైకిల్ మనిషిని మోసింది. అసలు కథ, సైకిల్‌ని మనిషి నడిపించిన కథ, 57 ఏళ్ల తర్వాత వియత్నాం కొండల్లో జరిగింది.

1953 నవంబర్ 20న ఫ్రెంచి సైన్యం విమానాల్లోంచి దియన్ బియన్ ఫూ లోయలో దిగింది. లావోస్ సరిహద్దు దగ్గర, చుట్టూ కొండలు. ఆ లోయ తాయ్ తెగవాళ్లది, పై కొండల్లో హ్మాంగ్ జనం. సైన్యం బంకర్లు కట్టడానికి లోయలోని ఇళ్లు కూల్చి కలప తీసుకుంది. ఫ్రెంచివాళ్ల లెక్క సూటిగా ఉంది: మనకి విమానాల్లో సామాను వస్తుంది, శత్రువుకి రోడ్డు లేదు, ఇన్ని కొండలు దాటించి ఫిరంగులూ బియ్యమూ ఎలా తెస్తాడు?

ఇక్కడ మన కావిడి లెక్క ఒకటి వేద్దాం. ఒక మనిషి 20 కిలోల బియ్యం కావిడి వేసుకుని పది రోజులు నడిచి, పది రోజులు తిరిగి వస్తాడనుకోండి. రోజుకి కిలో తిన్నా, మోసిందంతా దారిలోనే అయిపోతుంది. గమ్యం చేరేది సున్నా. అదే మనిషి 200 కిలోలు తీసుకెళ్తే? 20 తిన్నా 180 మిగులుతాయి. 20 కిలోలకీ 200 కిలోలకీ మధ్య తేడాయే సైకిల్.

ఎలా మార్చారో చూడండి. మేం ఎక్కువ మాట్లాడాలనుకున్నది దీని గురించే. సైకిళ్లు చాలావరకు ఫ్రాన్సు సరుకే. పెజో కంపెనీవీ, సెయింట్ ఎతియెన్ ఊళ్లో తయారైనవీ. తొక్కడానికి కాదు, తోయడానికి. గోనె సంచులు ఫ్రేముకి రెండు పక్కలా, కిందికి వేలాడేట్టు కట్టారు. బరువు కిందికి ఉంటే బండి తూలదు. కానీ సంచులు అంత లావుగా ఉబ్బితే పక్కన నడిచే మనిషి చెయ్యి హ్యాండిల్‌కి అందదు. అందుకని హ్యాండిల్‌కి ఎడమవైపు ఒక వెదురు కర్ర కట్టి బయటికి పొడిగించారు. దాంతో దారి తిప్పుతారు. సీటు దగ్గర ఇంకో కర్ర నిలువుగా కట్టారు. కుడి చేత్తో అది పట్టుకుని ఎక్కుడులో ముందుకి తోయాలి, దిగుడులో వెనక్కి లాగి ఆపాలి. ఫ్రేము విరక్కుండా కర్రో ఇనప ముక్కో వేసి బిగించారు. ట్యూబు ఊరికే పేలకుండా పాత గుడ్డలు, చింపిన బట్టలు దానికి చుట్టి, పైన టైరు ఎక్కించారు. నిటారు కొండ వస్తే ఒకడు తోస్తే ఇంకొకడు తాడుతో ముందుకి లాగడం.

వెదురు, గుడ్డముక్క, తాడు. మన ఇంటి చూరులో దొరికే సరుకు. మొదట్లో ఒక్కో సైకిల్ 100 కిలోలు మోసేది. తర్వాత 200, 300. ఫూ థొ ప్రాంతం నుంచి వచ్చిన మా వాన్ థాంగ్ అనే అతను 352 కిలోలు నడిపించాడని వియత్నాం చరిత్రలో రాసుకున్నారు. మొత్తం 20 వేలకి పైగా సైకిళ్లు, రెండున్నర లక్షలకి మించి కూలి జనం. పగలు విమానాల భయం, అందుకని రాత్రుళ్లు నడక. రోడ్డు మీద బాంబు పడితే లారీ ఆగిపోతుంది. సైకిల్ పక్కనున్న కాలిబాట పట్టుకుని పోతుంది.

సైకిళ్లే యుద్ధం గెలిచాయని మేం చెప్పడం లేదు. వందల లారీలున్నాయి, గుర్రాలున్నాయి, పడవలున్నాయి, ఫిరంగుల్ని చేతులతో కొండెక్కించిన జనం ఉన్నారు. అందరూ ఇష్టంగానే వెళ్లారనీ అనం, అది ప్రభుత్వం విధించిన శ్రమ కూడా. బలవంతపు పని సంగతి మనకి కొత్త కాదు. గూడెంలో డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన్యం జనాన్ని రోడ్డు పనికి తోలి, కూలి ఎగ్గొట్టడం 1922 తిరుగుబాటుకి ఒక కారణం. కాబట్టి బరువు మోసిన కథ ఎక్కడ విన్నా "ఎవరి కోసం మోశారు, తర్వాత వాళ్లకేం దక్కింది" అని అడగడం మన బాధ్యత.

1954 మార్చి 13న మొదలైన పోరు మే 7న ముగిసింది. ఫ్రెంచి సైన్యం లొంగిపోయింది. సరిగ్గా ఏడాదికి, 1955 మే 7న, ఆ కొండ ప్రాంతానికి తాయ్, మియో తెగల పేరుతో స్వయంపాలక ప్రాంతం ఇచ్చారు. 1975లో దాన్ని రద్దు చేశారు. తర్వాత అదే వాయవ్య కొండల్లో సాన్ లా డ్యాం వచ్చింది, 2012లో పూర్తయింది. సుమారు 90 వేల మంది ఇళ్లు ఖాళీ చేశారు, ఎక్కువమంది తాయ్ వాళ్లు. పోలవరం ముంపు ఊళ్ల పిల్లలకి దీని మీద వేరే వివరణ అక్కర్లేదు. సైకిల్ మాత్రం హనోయ్ మ్యూజియంలో అద్దం వెనక నిలబడి ఉంది.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. ఎందుకంటే అచ్చం అదే సైకిల్ ఇవాళ్టికీ జార్ఖండ్ రోడ్ల మీద నడుస్తోంది.

హజారీబాగ్, బొకారో, గొడ్డా వైపు వెళ్లినవాళ్లు చూసే ఉంటారు. తెల్లారకముందే బొగ్గు సైకిళ్లు వరుసగా వస్తాయి. బలపరిచిన ఫ్రేము, రెండు పక్కలా సంచులు, మధ్యలో ఇంకోటి, 200 కిలోలు దాటిన బరువు. పెడల్ ఉన్నా తొక్కేది లేదు, తోయడమే. ఎక్కుడులో ఒకరికొకరు చెయ్యేస్తారు. వాళ్లలో ఆదివాసీలున్నారు, దళితులున్నారు, భూమి లేని మిగతా పేదలున్నారు. పాత గనుల్లోంచీ, పారేసిన కుప్పల్లోంచీ బొగ్గు ఏరి, కాల్చి, సంచులకెత్తి ఊళ్లలో వంటకీ, హోటళ్లకీ, ఇటుక బట్టీలకీ అమ్ముతారు. 1973 నాటికి బొగ్గు గనులు దాదాపు అన్నీ ప్రభుత్వపరమయ్యాయి. కాబట్టి చట్టం దృష్టిలో ఇది దొంగతనం. కింద బొగ్గుందని భూమి పోయింది. ఆ భూమి బొగ్గు ఏరుకుంటే కేసు.

రెండు సైకిళ్లనీ పక్కపక్కన పెట్టి చూడండి. అదే ఆలోచన, అదే తూకం, అదే ఒళ్లు కష్టం. ఒకటి మ్యూజియంలో ఉంది, ఇంకోటి పోలీస్ స్టేషన్ ఆవరణలో తుప్పు పడుతోంది. ఒకదాన్ని నడిపినవాడి పేరు పుస్తకంలోకెక్కింది, ఇంకోదాన్ని నడిపినవాడి పేరు ఎక్కితే కేసు కాగితంలోకే ఎక్కుతుంది. తేడా సైకిల్లో లేదు. చరిత్ర ఎవరి చేతిలో ఉందనేదాంట్లో ఉంది.

మన ఏజెన్సీకి వస్తే, పై కొండల్లో చాలాకాలం కావిడే దిక్కు. కింద రోడ్డు ఉన్న ఊళ్లలోకి సైకిల్ వచ్చింది. సంతకి ఎండుచేపలు, గాజులు, గిన్నెలు తెచ్చినవాళ్ల సైకిళ్లు మన పెద్దలకి గుర్తే. వెనక క్యారియర్‌కి అడ్డంగా కర్ర కట్టడం, ఫ్రేముకి గోనె సంచి వేలాడదీయడం, చింతపండు బుట్టా చీపుర్ల కట్టా తూకం తప్పకుండా సర్దడం, ఇవన్నీ ఎవరో ఒకరు ఆలోచించి చేసినవే. వాళ్లని మనం ఎప్పుడూ ఇంజనీర్లు అనలేదు. బరువుని ఎక్కడ కడితే బండి తూలదో పుస్తకం లేకుండా తెలుసుకున్న మనిషిని ఇంకేమనాలి? ఇంజనీరింగ్ చదువుతున్న మన పిల్లలే చెప్పాలి.

అందుకే ఒక మాట. సెలవులకి ఇంటికెళ్లినప్పుడు తాతనో, మావనో కూర్చోబెట్టి అడగండి. మన ఊరికి మొదటి సైకిల్ ఎప్పుడొచ్చింది? ఎవరు కొన్నారు, ఏం అమ్మి కొన్నారు? దాని మీద ఏం మోశారు, ఎలా కట్టారు? పాత సైకిల్ ఇంకా దొడ్లో పడి ఉంటే కట్టిన కర్ర, వేసిన అతుకు కనిపించేట్టు ఫోటో తీయండి. పెద్దాయన చెప్పిన మాట ఆయన భాషలోనే రాసుకోండి, కోయ అయినా, కువి అయినా, సవర అయినా, గోండి అయినా. ఆ తరం వెళ్లిపోతే అడగడానికి మనిషి ఉండడు.

ఆ ఫోటో పెట్టిన తమ్ముడికి కూడా చెప్తున్నాం. కొనుక్కో తమ్ముడూ, తప్పేం లేదు. బ్యాగు కట్టేటప్పుడు మాత్రం బరువు కిందికి ఉండేట్టు చూసుకో. అది నీకంటే ముందు చాలామంది కొండల్లో నడిచి నేర్చుకున్నది.

జై ఆదివాసీ.