కోల్పోయిన యంగమును మరల కల్పించు శస్త్రవిద్య

స్త్రీల రొమ్మునకు వచ్చు క్యాన్సరును గూర్చి పదిమందిలో మాటాడుట కొందఱికి సంకోచముగా నుండవచ్చును. ఆ సంకోచము వలననే మన యిండ్లలో స్త్రీలు గడ్డను కొంగుచాటున దాచుకొనుచున్నారు. కావున నీ చికిత్స చరిత్రమును చెప్పెదను.

పోయిన యవయవమును మరల కల్పించుట మనకు క్రొత్త కాదు. తెగిన ముక్కును చర్మముతో నతుకు విధానము సుశ్రుతసంహితలో కలదు. పూనా ప్రాంతమున నొక బండివానికి నుదుటి చర్మముతో ముక్కు కట్టిన వృత్తాంతము 1794లో లండను పత్రికయందు వెలువడగా, పాశ్చాత్య వైద్యులు దానిని నేర్చుకొనిరి.

రొమ్ము విషయమున మాత్రము మొదట పెరిగినది ఛేదనమే. మత్తుమందు లేని కాలమున నది నరకయాతన. 1847లో క్లోరోఫారము వాడుకకు వచ్చెను. దాని క్షేమమును పరీక్షించుటకు 1888, 1889లలో మన హైదరాబాదుననే వైద్యసంఘములు కూడెను. రెండవదానికి నిజాము ప్రభుత్వము ధనమొసగెను. నొప్పి తొలగినపిమ్మట శస్త్రము మఱింత లోతునకు దిగెను. అమెరికాలో హాల్‌స్టెడ్ అను వైద్యుడు 1894లో ప్రకటించిన పద్ధతిలో రొమ్ముతోపాటు క్రింది కండరములను, చంకలోని గ్రంథులను తీసివేయుచుండెను. ఎఱ్ఱకుళ్లు సోకిన చెఱకుదుబ్బును వేళ్లతో పెకలించు రైతు ఆలోచన వంటిదే యది. కాని యట్టి చికిత్స పొందిన స్త్రీ చేయి వాచును, బలము తగ్గును. చెఱకుమోపు లెత్తు ఇల్లాలికి అది యెంతటి కష్టమో మీకు చెప్పనక్కరలేదు.

వెలితిని పూరించు యత్నము జర్మనీలో కనబడెను. 1895లో చెర్నీ అను వైద్యుడు ఒక స్త్రీ దేహమునుండియే క్రొవ్వుగడ్డను తీసి రొమ్ము స్థానమున నుంచెను. 1962లో అమెరికాలోని హ్యూస్టను నగరమున సిలికోను తిత్తిని మొట్టమొదట నమర్చిరి. మొదట అది సౌందర్యమునకై వాడబడినను, పిదప క్యాన్సరు రోగులకును ఉపకరించెను. దాని క్షేమముపై సందేహములు పుట్టగా 1992లో అమెరికా ప్రభుత్వము కట్టడి చేసి, 2006లో మరల అనుమతించెను. గరుకు పైపొర గల యొక రకమునకు అరుదైన వేఱొక క్యాన్సరుతో సంబంధము కనబడుటచే 2019లో దానిని తయారీదారులు ఉపసంహరించుకొనిరి.

పద్ధతి యిట్టిది: ఖాళీ తిత్తిని లోపల నుంచి, వారముల తరబడి ఉప్పునీటితో కొంచెము కొంచెముగ నింపుదురు. చర్మము సాగినపిమ్మట సిలికోను తిత్తి నమర్తురు. ఇది శాశ్వతము కాదు. కొన్నియేండ్లకు మార్పవలసి రావచ్చును. కిరణచికిత్స పొందినవారికి తిత్తిచుట్టు గట్టిపడు నవకాశ మధికము. పొట్టనుండి గాని వీపునుండి గాని కండను, క్రొవ్వును తెచ్చి కట్టు పద్ధతియు కలదు.

గడ్డ చిన్నదిగా నున్నప్పుడే చూపించినచో అనేకులకు రొమ్మంతయు తీయ నక్కరలేదు. హైదరాబాదులో 1955 నుండి ఎం.ఎన్‌.జె. క్యాన్సరు ఆసుపత్రి యున్నది.

చేయి పోయినవానికి కొయ్యచేయి పెట్టినచో దానిని విలాసమని యెవ్వరు నందురు? స్త్రీని మాత్రము "ఈ వయసున నిది యెందులకు?" అని యడుగుట ధర్మము కాదు. కావలెనన్నను, వలదన్నను ఆ నిర్ణయ మామెది. ఆమె నోరు విప్పునట్లు చేయుట మాత్రము పెద్దలమైన మన పని.