లెక్కల ఆఫీసులో ధ్యానం

1950లో రంగూన్‌లోని అకౌంటెంట్ జనరల్ ఆఫీసులో ఒక విపశ్యన ధ్యాన సంఘం ఏర్పడింది. సభ్యుల్లో ఎక్కువమంది ఆ ఆఫీసు ఉద్యోగులే. పెట్టింది సన్యాసి కాదు, ఆఫీసు పెద్ద ఊ బా ఖిన్.

ఉద్యోగ జీవితమంతా ఏజీ ఆఫీసులో గడిపినదాన్ని కాబట్టి ఈ సంగతి నన్ను పట్టుకుంది. ఎవరో ఖర్చుపెట్టిన సొమ్ముకు లెక్క కుదరాలి. ఒక్క వోచరు కనపడకపోతే ఆ రాత్రి నిద్ర ఉండదు. మార్చి వచ్చిందంటే మెడలు పట్టేసేవి, ఇంటికెళ్లి పిల్లల మీద విసుక్కునేవాళ్లం. అలాంటి చోట ధ్యానానికి తావెలా దొరికిందని వెతుకుతూ బర్మా చరిత్రలోకి వెళ్లాను.

దాని వెనక ఒక ఓటమి ఉంది. 1885లో ఇంగ్లీషువాళ్లు మాండలేను పట్టుకుని, తీబా రాజును గద్దె దింపి రత్నగిరికి పంపేశారు. బౌద్ధాన్ని పోషించే రాజు లేకుండా పోయాడు. అప్పుడు లెడీ సయడా అనే భిక్షువు, ఆరామాలకే పరిమితమనుకున్న సాధనను గృహస్థులకు నేర్పడం మొదలుపెట్టారు. ఆయన శిష్యుల్లో సయా తెజీ ఒక రైతు. కొడుకునీ కూతురినీ కలరాకు పోగొట్టుకుని, ఆ దుఃఖం ఓర్చుకోలేక గురువుల కోసం తిరిగిన మనిషి. 1937లో బా ఖిన్‌కు శ్వాసను గమనించడం నేర్పింది ఆ సంప్రదాయమే.

గుమాస్తాగా చేరిన బా ఖిన్, 1948లో బర్మా స్వతంత్రమయ్యాక అకౌంటెంట్ జనరల్ అయ్యారు. లంచానికి లొంగరని పేరు. 1952లో రంగూన్‌లో అంతర్జాతీయ ధ్యాన కేంద్రం స్థాపించారు. ప్రభుత్వం ఒకేసారి ఒకటికి మించిన శాఖలు అప్పగించినా, 1967 దాకా కొలువూ బోధనా రెండూ సాగించారు.

1955లో ఆయన దగ్గరికి మాండలేలో పుట్టిన వ్యాపారి ఎస్.ఎన్. గోయెంకా వచ్చారు. విపరీతమైన పార్శ్వపు నొప్పికి మార్ఫిన్ ఇంజెక్షన్లదాకా వెళ్లిన మనిషి. తలనొప్పి తగ్గించుకోవడానికే అయితే నేర్పనన్నారట గురువు. 1969లో గోయెంకా ఆ సాధనను ఇండియాకు తెచ్చారు. 1976లో హైదరాబాద్ శివార్లలో ధమ్మఖేత్త అనే విపశ్యన కేంద్రం వెలిసింది. నేను నేర్చుకున్నది అక్కడే. నా మెడనొప్పి వెనక ఎంత భయం దాక్కుందో అక్కడే తెలిసింది.

అయితే ఈ మందు అందరికీ ఒకే మోతాదులో పనికిరాదు. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి రంగూన్ రేవుకు కూలికి వెళ్లాడు. 1930 మే నెలలో అక్కడ తెలుగు రేవుకూలీల మీద పడ్డ దాడులు చూశాడు. జపాన్ బాంబులు పడ్డాక, 1942లో లక్షలమందితో పాటు అడవులూ కొండలూ దాటి నడిచొచ్చాడు. చివరిదాకా తలుపుకు ఎదురుగానే పడుకునేవాడు. అలాంటి మనిషిని విపశ్యన శిబిరంలోలా పది రోజులు కళ్లు మూసుకుని మౌనంగా కూర్చోమంటే, ఆ చీకట్లో ఆయనకు మళ్లీ ఆ దారే కనిపించేది. మానసిక గాయాలున్నవాళ్ల ధ్యానం మీద డేవిడ్ ట్రెలీవెన్ 2018లో రాసిన పుస్తకం చెప్పేది ఇలాంటి వాళ్ల గురించే. కళ్లు తెరిచే ఉంచవచ్చు. ఊపిరికి బదులు నేలను తాకిన పాదాల మీద గమనం నిలపవచ్చు. చాలనిపించినప్పుడు లేచిపోవచ్చు. ఎంతవరకో నిర్ణయించుకునే హక్కు గాయపడ్డ మనిషిదే.

ఇక ఆఫీసుల సంగతి. పని ఒత్తిడితో మనిషి కాలిపోవడాన్ని 'బర్నౌట్' అంటారు. దాని గురించి 1974లో రాసిన మనస్తత్వవేత్త ఫ్రాయిడెన్‌బర్గర్ దాన్ని గమనించింది ఉచిత వైద్యశాలల్లో సేవ చేసేవాళ్లలో. మనసుపెట్టి పనిచేసేవాళ్లే ముందు కాలిపోతారు. అందుకే, సిబ్బందికి ధ్యానం యాప్ ఇచ్చి వాళ్ల బల్లమీద ఇంకో పది ఫైళ్లు పెట్టే అధికారులను చూస్తే నాకు బాధేస్తుంది. రంగూన్ ఆఫీసులో పెద్దాయన ముందు తాను కూర్చుని, తర్వాత తన కింది వాళ్లను పిలిచారు. ఆ వరస తప్పకూడదు. సిబ్బందిని కళ్లు మూసుకోమనే ముందు, వాళ్ల ముందున్న పని మనిషి చేయగలిగినంతే ఉందో లేదో అధికారి కళ్లు తెరిచి చూడాలి.