వారసత్వ కట్టడాలు - పునర్నిర్మాణం: హైదరాబాద్ నగర అనుభవం

ప్రజావసరాల నిమిత్తం పాత భవనాన్ని తొలగించి కొత్తది నిర్మించదలచినప్పుడు ఆ భవనానికి చట్టరక్షణ ఉన్నదా, ఉన్నట్లయితే ఎవరి అనుమతి పొందవలెనన్న విషయం ముందుగా తేలవలసి ఉంటుంది. ఇందుకు హైదరాబాద్‌లోని మూడు కట్టడాల ఉదంతాలు నిదర్శనంగా నిలుస్తున్నాయి.

చట్టపరమైన నేపథ్యం

ఉమ్మడి రాష్ట్రంలో పురావస్తు శాఖ రక్షిత కట్టడాలకు 1960 నాటి చట్టం వర్తించేది. ఆ పరిధిలోకి రాని నగర భవనాల రక్షణకై 1995లో హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ జోనింగ్ నిబంధనలలో 13వ నిబంధన చేర్చబడింది. జాబితాలోని భవనాల కూల్చివేతకు, మార్పులకు, మరమ్మతులకు ముందస్తు అనుమతి తప్పనిసరి అయినది. తెలంగాణ ప్రభుత్వం 2015 డిసెంబరులో ఈ నిబంధనను తొలగించి, 2017లో వారసత్వ చట్టాన్ని తీసుకువచ్చింది.

ఎర్రమంజిల్

19వ శతాబ్ది ఉత్తరార్ధంలో నవాబు ఫక్రుల్ ముల్క్ నిర్మించిన ఈ సౌధం అనంతర కాలంలో ప్రభుత్వ కార్యాలయాలకు ఉపయోగపడింది. ఈ స్థలంలో శాసనసభా భవనం నిర్మించాలని 2019 జూన్ 18న మంత్రివర్గం నిర్ణయించగా, అదే నెల 27న శంకుస్థాపన జరిగింది. అవసరమైన అనుమతి పొందకుండా తీసుకున్న నిర్ణయం చెల్లదని హైకోర్టు 2019 సెప్టెంబరు 16న దానిని కొట్టివేసింది. జాబితాలోని భవనాలకు రక్షణ కొనసాగుతున్నదని తీర్పులో స్పష్టం చేసింది.

సైఫాబాద్ ప్యాలెస్

అదే 2019 జూన్ 27న కొత్త సచివాలయానికి సైతం శంకుస్థాపన జరిగింది. పాత సముదాయంలోని జి-బ్లాకు ఆరవ నిజాం కాలంలో, 1888లో నిర్మితమైన సైఫాబాద్ ప్యాలెస్. మంత్రివర్గ నిర్ణయంలో జోక్యానికి నిరాకరిస్తూ హైకోర్టు 2020 జూన్ 29న వ్యాజ్యాలను కొట్టివేసింది. జులైలో కూల్చివేత చేపట్టబడింది. కొత్త భవనం 2023 ఏప్రిల్ 30న ప్రారంభమైనది.

ఉస్మానియా ఆసుపత్రి

విన్సెంట్ ఎష్ రూపకల్పనలో ఏడవ నిజాం కాలంలో మూసీ తీరాన నిర్మించిన ఈ భవనాన్ని తొలగించాలన్న ప్రతిపాదన 2015లో వ్యతిరేకతను ఎదుర్కొన్నది. శిథిలస్థితి కారణంగా రోగుల భద్రతపై ఆందోళన మాత్రం కొనసాగింది. 2020 జులైలో వార్డులలోకి వర్షపు నీరు చేరడంతో పాత భవనం ఖాళీ చేయబడింది. చివరకు గోషామహల్‌లో వేరొక స్థలాన్ని ఎంపిక చేసి, 2025 జనవరి 31న కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన చేశారు.

గమనించదగిన అంశాలు

కట్టడపు ప్రాచీనత ఒక్కటే దానికి రక్షణ కాజాలదని ఈ ఉదంతాల వలన విదితమగుచున్నది. జాబితాలో స్థానం, అనుమతి విధానం, ప్రత్యామ్నాయ స్థలం అన్నవి శంకుస్థాపనకు ముందే పరిశీలించవలసిన అంశాలు. ఆలస్యంగా పరిశీలించినచో ప్రాజెక్టు న్యాయస్థానంలో నిలిచిపోవచ్చును. అసలు పరిశీలించనిచో తిరిగి పొందజాలని కట్టడం కనుమరుగు కావచ్చును.