మొక్కలపై హోమియో మందు: ప్రయోగశాలలు తేల్చిందెంత?

హోమియోపతి మీద వాదన మనుషుల దగ్గర మొదలైతే ఓ పట్టాన తెగదు. మందు పనిచేసిందా, నమ్మకం పనిచేసిందా, జబ్బు తనంతట తానే తగ్గిందా అన్నది విడదీసి చెప్పడం కష్టం. కొందరు పరిశోధకులు మొక్కల వైపు మళ్లింది అందుకే. గోధుమ మొలకకు డాక్టరు మీద గురి ఉండదు. పైగా వందల గింజలను ఒకేసారి, ఒకే వెలుతురులో, ఒకే ఉష్ణోగ్రతలో పెంచవచ్చు.

అసలు చిక్కు పలచన దగ్గర ఉంది. ఒక వంతు మందుకు తొమ్మిది వంతుల నీరు కలిపి గట్టిగా కుదిపితే 1ఎక్స్. దాన్లోంచి ఒక వంతు తీసి మళ్లీ అలాగే చేస్తే 2ఎక్స్. 24ఎక్స్ దాటాక, అంటే వందో వంతు లెక్కలో 12సి దాటాక, సీసాలో అసలు పదార్థపు అణువు ఒక్కటైనా మిగిలే అవకాశం దాదాపు ఉండదు. హోమియో దుకాణాల్లో మామూలుగా అమ్మే 30సి ఆ గీతకు చాలా అవతలిది. అలాంటి ద్రావణం మొక్కపై ప్రభావం చూపిందని తిరుగులేకుండా రుజువైతే, రసాయన శాస్త్రం తన పాఠాలు కొన్ని తిరగరాసుకోవాలి.

లిలీ కొలిస్కో 1923లోనే అతి పలచని ద్రావణాల ప్రభావంపై పుస్తకం ప్రచురించారు. గోధుమ మొలకలతో ఆమె చేసిన ప్రయోగాలకు చాలా ఏళ్ల తర్వాత ఇటలీలోని బొలోన్యాలో లుచియెట్టా బెట్టి బృందం కొత్త రూపమిచ్చింది. గింజలకు చావని మోతాదులో ఆర్సెనిక్ ట్రైఆక్సైడ్ పట్టించి, ఆ తర్వాత అదే ఆర్సెనిక్‌ను 45ఎక్స్ దాకా పలచబరచిన ద్రావణం ఇచ్చారు. ఆరోగ్యంగా ఉన్న మొక్కలో మెరుగుదల పట్టుకోవడం కష్టం. దెబ్బతిన్న మొక్క కోలుకుంటే కొలవవచ్చు. విషానికి అదే విషం మందన్న హోమియో సూత్రానికీ ఇది సూటి పరీక్ష. మందు ఇచ్చిన మొలకలు ఎక్కువ పెరిగాయని ఆ బృందం 1997లో ప్రకటించింది.

కథ ఇక్కడితో ఆగితే హోమియోపతి గెలిచినట్టే. కానీ స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో స్టెఫాన్ బౌమ్‌గార్ట్నర్ తదితరులు అదే ప్రయోగాన్ని తిరిగి చేసి 2005లో ఫలితం ప్రచురించారు. తేడా కనబడింది, కాకపోతే తలకిందులుగా: మొలకల పెరుగుదల కాస్త తగ్గింది. ఏదో ప్రభావం ఉందనడానికి ఇదే సాక్ష్యమని సమర్థకులు అంటారు. అయితే ఒకచోట మొలకను పెంచి, మరోచోట తగ్గించే దాన్ని మందు అని పిలవడం ఎలా? ఈ బృందం హోమియో వ్యతిరేకి కాదన్నది ఇక్కడ గుర్తుంచుకోవాల్సిన సంగతి. తమకు నచ్చని ఫలితాన్ని దాచకుండా అచ్చువేశారు.

2010లో బౌమ్‌గార్ట్నర్ కూడా ఉన్న బృందం డక్‌వీడ్‌ను ఎంచుకుంది. నిలవ నీటి మీద పచ్చగా పరుచుకునే బుల్లి మొక్క ఇది. ఆర్సెనిక్‌తో దెబ్బతిన్న ఈ మొక్కల ఎదుగుదలను ఆర్సెనికం ఆల్బం కొంత పెంచిందని, గిబ్బరెలిక్ ఆమ్లంతో చేసిన మందు ప్రభావం చూపలేదని తేలింది. ఏ పాత్రలో ఏముందో కొలిచేవారికి తెలియకుండా సంకేతాలు పెట్టారు. అన్ని పాత్రల్లోనూ మామూలు నీరే పోసి, ఉత్తుత్తి తేడాలు వస్తున్నాయా అనీ విడిగా చూశారు.

ఈ రంగంలో మంచి ప్రయోగాన్ని గుర్తుపట్టేది ఆ చివరి రెండు జాగ్రత్తలతోనే. మొక్కకు నమ్మకం లేకపోవచ్చు. స్కేలు పట్టుకున్న మనిషికి ఉంటుంది. వంగిన మొలకను ఎంత సాగదీసి కొలవాలన్నది అతని చేతిలో పని. పెట్టెలో దీపానికి దగ్గరున్న పాత్ర, తలుపు దగ్గరున్న పాత్ర ఒకేలా ఎదగవు. పోలికకు వాడే నీటినీ మందులాగే గాజు సీసాలో పోసి అన్నిసార్లూ కుదపాలి. లేకుంటే గాజు నుంచి కరిగిన లవణాల ప్రభావం మందు ఖాతాలో పడుతుంది. పది రకాల పొటెన్సీలు, ఐదు రకాల కొలతలు తీసుకుంటే ఏదో ఒకటి యాదృచ్ఛికంగానైనా ‘పనిచేసినట్టు’ కనిపిస్తుంది. దెబ్బతిన్న మొక్కల ప్రయోగాలన్నిటినీ 2011లో ‘హోమియోపతి’ పత్రికలో సమీక్షించినప్పుడు, ఇలాంటి జాగ్రత్తలన్నీ తీసుకున్నవి కొద్దిగానే తేలాయి.

భారత్‌లోనూ ఈ పని జరిగింది. శాంతినికేతన్‌లోని విశ్వభారతిలో ఎన్.సి. సుకుల్ బృందం వేరుబుడిపెలు కలిగించే నులిపురుగులపై సినా అనే హోమియో మందును పరీక్షించింది. అది పురుగుతో పోరు. ఆర్సెనిక్ దెబ్బ సంగతి వేరు, ఛత్తీస్‌గఢ్‌కు అది పుస్తకాల్లోని మాట కాదు. అంబాగఢ్ చౌకీ ప్రాంతంలోని కౌడీకసా గ్రామంలో భూగర్భ జలాల్లో ఆర్సెనిక్ ఉన్నట్టు 1999లోనే బయటపడింది. తాగునీటిలో లీటరుకు 10 మైక్రోగ్రాములు మించకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. గోధుమ మొలక ప్రయోగాన్ని అక్షరాలా నిజమనుకున్నా, నీటిలోని ఆర్సెనిక్ ఒక్క మైక్రోగ్రామూ తగ్గదు. అందుకు వడపోతో, వేరే నీటి వనరో కావాలి.

అదే రాష్ట్రపు దక్షిణ కొసన, శబరి ఒడ్డున ఉన్న కొంటా వైపు సాగు ఎక్కువగా వాన మీదే. అక్కడి వరికి ఒత్తిడి అంటే వాన ముఖం చాటేయడం, లేదా నది పొంగి పొలం మునగడం. పెట్టెలో కొద్దిరోజులు పెరిగిన మొలక పొడవు నుంచి బస్తాల దిగుబడికి లెక్క కట్టే సూత్రం ఏ ప్రయోగశాలా ఇవ్వలేదు. పొలంలో చుక్కల మందు చల్లి చూడాలనుకునే రైతు, పక్కనే అదే విత్తనం, అదే ఎరువుతో ఉన్న మడిలో అంతే నీళ్లను మందు లేకుండా చల్లి, రెండు మళ్ల గింజలనూ విడివిడిగా తూకం వేయాలి. అదీ ఒక్క పంటకు కాదు, వరసగా మూడు నాలుగు పంటలకు.