ఎండ నుంచి నిశ్చలతకు: ‘కామ్’ అనే మాట నడిచిన దారి

ఇంగ్లీషులో నిశ్చలతను తెలిపే మాటలలో బాగా వాడుకలో ఉన్న ‘కామ్’ అనే పదం నేడు సముద్రానికీ, గాలికీ, మనిషి మనస్సుకూ సమానంగా వర్తిస్తున్నది గాని, దాని పుట్టుక చల్లదనంలో లేదు, శాంతిలో అసలే లేదు. గ్రీకు భాషలోని ‘కౌమ’ దాని మూలరూపమని, ఆ మాటకు మండుటెండ, తీవ్రమైన వేడిమి అని అర్థమని, అది కాల్చడం అనే అర్థం గల గ్రీకు క్రియ నుంచి వచ్చిందని భాషాచరిత్రకారులు చెబుతారు. సబ్బుల తయారీలో వాడే కాస్టిక్ సోడాలోని ‘కాస్టిక్’ ఆ క్రియ సంతానమే. రాతకు వాడే ‘ఇంకు’ కూడ, కాల్చి ముద్రించినది అనే అర్థం గల గ్రీకు మాట నుంచి లాటిను, ఫ్రెంచి భాషల మీదుగా ఇంగ్లీషుకు, అక్కడి నుంచి తెలుగుకు చేరింది.

గ్రీకు ‘కౌమ’ లాటినులో ‘కౌమ’గానే నిలిచింది. 4వ శతాబ్దం చివర మొదలై 5వ శతాబ్దారంభంలో ముగిసిన జెరోము లాటిను బైబిలు అనువాదంలో, యోబు తన ఎముకలు వేడికి ఎండిపోయాయని విలపించే చోట ఈ మాటే ఉన్నది. అంటే అప్పటికి అందులో నెమ్మది అనే ఛాయ ఏదీ లేదు, బాధ మాత్రమే ఉన్నది. నడిమింటి సూర్యుని వేడికి పొలం పనులు ఆగి, పశువులు నీడకు చేరి, ఊరంతా సద్దుమణిగే వేళను కూడ ఆ మాటతోనే చెప్పడం మొదలైన తరువాత, వేడిమి అనే అర్థం క్రమంగా వెనుకబడి, దాని ఫలితమైన విశ్రాంతి ముందుకు వచ్చింది. ఇటాలియను భాషలో అది ‘కల్మ’ అయింది. నడుమ ‘ల’కారం చేరడానికి వేడెక్కడం అనే అర్థం గల మరొక లాటిను క్రియ ప్రభావం కారణమని పండితులు వివరిస్తారు. ఫ్రెంచిలో పని మానుకొని ఉండడాన్ని తెలిపే ‘షోమే’ అనే క్రియ కూడ ఎండవేళ విరామం నుంచి పుట్టినదే. దాని నుంచి వచ్చిన ‘షోమాజ్’ అనే మాట నేడు నిరుద్యోగానికి పేరైంది.

ఈ అర్థపరిణామాన్ని పుస్తకాల సాయం లేకుండానే గ్రహించగల సీమ కడప జిల్లాలోని పాత రేనాడు. అక్కడి ప్రొద్దుటూరు పేరులోనే ప్రొద్దు వినిపిస్తుంది. దానిని సంస్కృతంలోకి మార్చినవారు సూర్యవాచకమైన ‘బ్రధ్న’ శబ్దంతో బ్రధ్నపురి అన్నారు. తెలుగులో ప్రొద్దు అంటే సూర్యుడూ, కాలమూ కూడ. ఎండ 40 డిగ్రీలు దాటే వేసవి దినాలలో జమ్మలమడుగు ప్రాంతపు రైతులు చీకటితోనే చేనికి పోయి, ఎండ ముదరకముందే తిరిగివచ్చి, దంతెల మీద మట్టి పరచి చౌడు వేసిన మిద్దెలలో, నాపబండల నేల మీద నడిపొద్దు గడిపే అలవాటు, ‘కౌమ’ ‘కల్మ’గా మారిన అలవాటే. ఇక్కడి నిశ్చలత మనిషి కోరి తెచ్చుకున్నది కాదు, ఎండ విధించినది. యూరపు మాటలో మరుగుపడిన ఈ సంగతి ఇక్కడి దినచర్యలో ఇంకా కనిపిస్తున్నది.

ఇంగ్లీషులో ‘కామ్’ 14వ శతాబ్దం చివరి నుంచి కనిపిస్తుంది. తొలినాళ్లలో అది ప్రధానంగా నావికుల మాట, గాలి లేక అలలు అణగిన సముద్రస్థితికి పేరు. 1805లో బ్రిటిష్ నౌకాధికారి ఫ్రాన్సిస్ బ్యూఫోర్ట్ గాలి బలాన్ని కొలవడానికి రూపొందించిన మానంలో సున్న అంకెకు ఈ పేరే ఉన్నది. నేల మీద దాని గుర్తు పొగ నిట్టనిలువుగా లేవడం. తెరచాప ఓడకు ఆ స్థితి సుఖం కాదు. భూమధ్యరేఖ దగ్గర గాలి పడిపోతే ఓడ కదలక, తాగునీరు తరుగుతూ, నావికులు దినాల తరబడి చిక్కుకునేవారు. గాలి నిలిచిపోయినప్పుడు కలిగే ఈ భయం కడప జిల్లాలోని పులివెందుల అరటి రైతుకు కొత్తది కాదు. ఏప్రిల్, మే నెలల్లో ఆకు కూడ కదలని ఉక్కపోత తరువాత ఈదురుగాలితో వాన వస్తే, గెలలు దిగే దశలో ఉన్న చెట్లు నడుమకు విరిగిపోతాయి. గెల బరువుకూ గాలికీ చెట్టు తట్టుకోవాలని ఊతకర్రలు పెట్టడం అందుకే.

మనస్సుకు ఈ మాటను వర్తింపజేయడం 16వ శతాబ్దంలో స్థిరపడింది. భారతీయ భాషలు ఈ భావాన్ని ఎదురుదిశ నుంచి చేరుకున్నాయి. సంస్కృతంలోని ‘శాంతి’ అణగడం, చల్లారడం అనే అర్థం గల ‘శమ్’ ధాతువు నుంచి వచ్చింది, అగ్ని కూడ శమిస్తుంది. తెలుగులో కోపం చల్లారుతుంది, కడుపు చల్లగా ఉండాలని దీవిస్తారు. ‘నిమ్మళం’ అనే మాట ‘నిర్మలం’ నుంచి వచ్చింది. మట్టి అడుగుకు దిగి తేటపడిన నీరు ఆ మాట వెనుక ఉన్నది. మూలకారణమని అర్థమిచ్చే సంస్కృత ‘నిదానం’ తెలుగులో తొందర లేకపోవడానికి పేరైంది. కన్నడంతో పంచుకున్న ‘నెమ్మది’ మనశ్శాంతిని తెలుపుతూనే, మెల్లని నడకకూ వర్తిస్తున్నది.

1800లో నైజాం కడప సీమను ఈస్టిండియా కంపెనీకి వదలుకున్న తరువాత ఇంగ్లీషు కచేరీలలోకి, అటుపై బడులలోకి వచ్చింది. 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1852 నాటి తన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువులో జనం నోటి మాటలకు చోటిచ్చిన తీరు, ఇటువంటి పదాల చరిత్ర వెదికేవారికి నేటికీ గొప్ప ఆధారం. తెలుగు వ్యవహారంలో కలిసిపోయిన ‘కామ్’ మాత్రం తన పాత అర్థాలలో చాలావాటిని వదులుకున్నది. తెలుగువారు సముద్రం కామ్‌గా ఉన్నదనడం అరుదు. బడిపిల్లలను కామ్‌గా కూర్చోమంటే నోరు మూసుకొమ్మని అర్థం, ఒకరు కామ్‌గా వెళ్లిపోయారంటే ఎవరికీ చెప్పకుండా జారుకున్నారని అర్థం. ‘గా’ ప్రత్యయం చేరి క్రియావిశేషణమైన ఈ మాటకు తెలుగులో ప్రధానార్థం మౌనమే. మనస్సు కుదుటపడడాన్ని చెప్పవలసి వచ్చినప్పుడు మాత్రం రేనాటి ఇండ్లలో నిమ్మళం, నిదానం అనే పాత మాటలే పలుకుతున్నాయి.